గాలితో చల్లబడే బీటిల్ ఇంజనుకు ఫ్యాన్ డబ్బా మార్చడం ఎలా?

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఇంజనుకు రేడియేటరు ఉండదు, నీళ్లు ఉండవు. డైనమో ఇరుసుకు బిగించిన ఫ్యాన్ బయటి గాలిని పీల్చి తన చుట్టూ ఉన్న రేకు డబ్బాలోకి నెడుతుంది. ఆ డబ్బా గాలిని రెండుగా చీల్చి కుడివైపు రెండు సిలిండర్లకు, ఎడమవైపు రెండు సిలిండర్లకు, ఆయిల్ కూలర్‌కు పంచుతుంది. పుస్తకాలలో దీనిని ఫ్యాన్ హౌసింగ్ అనీ ష్రౌడ్ అనీ రాస్తారు. హనుమకొండలో నా బండి చూసే మేస్త్రీ మాత్రం ఫ్యాన్ డబ్బా అంటాడు కనుక నేనూ ఇక్కడ ఆ మాటే వాడుతున్నాను. చూడటానికి అది ఇంజను మీద బోర్లించిన మూతలా ఉంటుంది గాని, అది చేసేది కాలువ పని. చెరువులో నీళ్లు నిండుగా ఉన్నా కాలువకు గండి పడితే చివరి మడి ఎండిపోయినట్టే, ఫ్యాన్ ఎంత జోరుగా తిరిగినా డబ్బా అంచున సందు ఉంటే ఆ పక్క సిలిండర్లు మాడిపోతాయి. అందువల్ల బోల్టులు విప్పి బిగించడం మీద కన్నా, గాలి పక్కదారి పట్టకుండా డబ్బాను కూర్చోబెట్టడం మీదే ఈ వ్యాసంలో ఎక్కువ చెప్పాను.

బండి గురించి తెలియని మేస్త్రీతో పని చేయించుకోవలసి వస్తే, పాత బజాజ్ చేతక్ స్కూటరును గుర్తు చేయండి. దాని ఇంజను పక్కన రెక్కల చక్రం, సిలిండర్ మీద రేకు కవచం ఉండేవి. సూత్రం అదే, ఇక్కడ సిలిండర్లు నాలుగు, కవచానికి లోపల మడతలు ఎక్కువ, అంతే తేడా.

మార్చాలా, బాగు చేస్తే చాలా?

డబ్బా రేకు అడుగు అంచున తుప్పు పట్టి చిల్లులు పడితే, బోల్టు రంధ్రాల దగ్గర చిరిగితే, ఎవరో ఒకరు సుత్తితో సరిచేయబోయి లోపలి గాలి పలకలను వంచేసి ఉంటే మార్చడమే మేలు. ఒక్క చిన్న చీలిక మాత్రమే ఉంటే మంచి వెల్డర్ దానిని అతికించగలడు. కాని డబ్బాను తప్పుపట్టే ముందు దాని లోపలికి చూడాలి. వరంగల్ ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి సీజనులో గాలిలో తేలే దూది ఎంతో అక్కడ తిరిగేవారికి తెలుసు. వెనక అద్దం కింది జాలీల గుండా అది లోపలికి పోయి, ఫ్యాన్ లాగేసుకున్న తరువాత సిలిండర్ల రెక్కల మధ్య మెత్తటి పరుపులా పేరుకుంటుంది. నెలల తరబడి నిలిపి ఉంచిన బండిలోనైతే ఎలుకలు వరిగడ్డి, గుడ్డపేలికలు తెచ్చి డబ్బాలోనే గూడు కడతాయి. నా బండి ఎడమ సిలిండర్లు వేడెక్కుతున్నాయని కార్బురేటరును రెండుసార్లు విప్పించాను. చివరికి డబ్బా పైకి లేపితే మూడో సిలిండర్ మీద పిడికెడు దూది, దానిలో వేరుశనగ పొట్టు కనిపించాయి. అప్పుడు డబ్బా కూడా మార్చవలసి వచ్చిందంటే, ఆ తడి దూది పట్టి ఉన్నచోట రేకు తుప్పు తినేసింది కాబట్టి.

సరైన డబ్బాను ఎంచుకోవడం

1970 మోడల్ వరకు వచ్చిన ఇంజనులలో ఆయిల్ కూలర్ డబ్బా లోపలే, మూడో సిలిండర్‌కు గాలి పోయే దారిలో నిలబడి ఉండేది. కూలర్‌ను దాటి వచ్చిన వేడి గాలి ఆ సిలిండర్‌కు దక్కేది. అందుకే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోవడం ఆ ఇంజనులకు పేరుపడ్డ జబ్బు. 1971 మోడల్ నుంచి కూలర్‌ను ముందుకు జరిపి, డబ్బాకు ముందువైపు చిన్న గది లాంటిది కట్టి, అందులో పెట్టి, వేడి గాలి వేరే దారిన బయటకు పోయేటట్టు చేశారు. ఆ ఆకారాన్ని బట్టి దానికి డాగ్‌హౌస్, అంటే కుక్కగూడు, అని పేరు వచ్చింది. దాని ఫ్యాన్ కూడా పాతదాని కన్నా వెడల్పు. కనుక పాత ఇంజనుకు కుక్కగూడు డబ్బా పెట్టాలనుకుంటే డబ్బా ఒక్కటీ కొంటే పని జరగదు. వెడల్పాటి ఫ్యాన్, కొత్త రకం కూలర్, దానిని నిలబెట్టే అడాప్టరు, వేడి గాలిని బయటకు పంపే రేకు ముక్కలు అన్నీ కలిపి తెచ్చుకోవాలి. మన వేసవికి ఆ ఖర్చు పెట్టవచ్చుననే నేను అంటాను. ఉన్న రకాన్నే తిరిగి పెట్టేవారికి ఈ బాధ లేదు.

కొత్త డబ్బా వచ్చిన వెంటనే పాతదాని పక్కన పెట్టి లోపలికి టార్చి వేసి చూడండి. గాలిని మలిపే పలకలు లోపల ఉండాలి. అడుగున రెండు వైపులా తెరుచుకుని మూసుకునే తలుపులు, అంటే ఫ్లాపులు, వాటిని కలిపే కడ్డీ ఉండాలి. యాక్సిలరేటర్ కేబుల్ దూరిపోయే గొట్టం ఉండాలి. చౌకగా దొరికే మెరుపు పూత డబ్బాలలో చాలావాటికి పలకలూ ఉండవు, ఫ్లాపులూ ఉండవు. బయట అద్దంలా మెరిసి లోపల ఖాళీగా ఉన్న డబ్బా కన్నా, పాత సామాను నుంచి విప్పిన, కాస్త సొట్టలు పడ్డ అసలు డబ్బాను టింకరింగ్ చేయించి పెట్టుకోవడం వెయ్యి రెట్లు నయం. రంగు వేయించాలంటే పలచగా నల్ల రంగు చాలు. అంచుల మీద మందంగా రంగు పేరుకుంటే రేకులు ఒకదానితో ఒకటి కలవవు.

విప్పడం

కావలసిన పానాలు 10, 13, 17, 21 నంబర్లవి. ఫ్యాన్ నట్టుకు 36 నంబరు సాకెట్, అది వెనక చక్రం ఇరుసు నట్టుకు కూడా సరిపోతుంది. వెడల్పాటి స్క్రూడ్రైవర్, సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్, బిగువు కొలిచే టార్క్ రెంచ్, పాత నూలు గుడ్డలు దగ్గర పెట్టుకోండి. ఎడమ, కుడి అని నేను రాసినప్పుడల్లా డ్రైవరు సీటులో కూర్చుని ముందుకు చూసినప్పటి ఎడమ, కుడి అని అర్థం. ఇంజను బండి వెనక ఉన్నా సరే, ముందు అంటే బండి ముందుభాగం వైపే. ఆ లెక్కన ఒకటి, రెండు సిలిండర్లు కుడివైపు, మూడు, నాలుగు ఎడమవైపు. ఒకటి, మూడు ముందువి.

ఇంజను బండిలో ఉండగానే డబ్బాను పైకి లాగి తీయవచ్చు, చాలామంది అలాగే చేస్తారు. ఇంజనును కిందికి దించి చేయడం నాకు ఇష్టం. గేర్‌బాక్సుకు ఇంజనును పట్టి ఉంచేవి నాలుగే బిగింపులు, అన్నీ 17 నంబరు. అయితే ఇంజను బరువు వంద కిలోలకు పైనే కాబట్టి మంచి ట్రాలీ జాకు, ఇద్దరు సాయం లేకుండా ఆ పని పెట్టుకోకూడదు. బండిలోనే చేసేవారికి సరిపోయేటట్టు కింది వరుస రాస్తున్నాను.

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, వెనక సీటు కింద ఉన్న బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. ఇంజను గదిలో తీగలు, గొట్టాలు ఎక్కడివి అక్కడ ఉండగా ఫోనుతో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. ఎయిర్ క్లీనర్ తీసేయండి. పెట్రోల్ ట్యాంకు ముందు భాగంలో ఇంజను కన్నా ఎత్తులో ఉంటుంది కనుక, రబ్బరు గొట్టాన్ని బిగించి మూయకుండా విప్పితే పెట్రోల్ ధారగా కారుతూనే ఉంటుంది. దగ్గరలో బీడీ, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి ఏదీ ఉండకూడదు. కార్బురేటర్ దగ్గర యాక్సిలరేటర్ కేబుల్ స్క్రూ వదులు చేసి, కేబుల్‌ను డబ్బాలోని గొట్టం గుండా ముందుకు లాగేయండి. చోక్ తీగ, పక్కనున్న విద్యుత్ కవాటం తీగ విప్పి, రెండు 13 నంబరు నట్లు తీసి కార్బురేటర్‌ను పక్కన పెట్టండి. కార్బురేటర్ కింద సిలిండర్లకు పోయే గొట్టం, అంటే మానిఫోల్డ్, నోటిలో శుభ్రమైన గుడ్డ కుక్కడం మరచిపోవద్దు. అందులో పడ్డ ఒక్క వాషర్ కోసం ఇంజను మొత్తం విప్పవలసి వస్తుంది.

తరువాత బెల్టు. డైనమో పుల్లీ ముందు సగంలో ఒక గాడి ఉంటుంది. అందులో స్క్రూడ్రైవర్ పెట్టి డైనమో పైబోల్టుకు ఆనించి పట్టుకుంటే పుల్లీ తిరగదు, 21 నంబరు పానాతో నట్టు వదులవుతుంది. పుల్లీ సగాల మధ్య ఎన్ని షిమ్ములు, అంటే పలచటి రేకు బిళ్లలు, ఉన్నాయో, బయట ఎన్ని ఉన్నాయో రాసుకోండి. డైనమో తీగలకు గుర్తులు కట్టి విప్పండి. ఇగ్నిషన్ కాయిల్ డబ్బాకే బిగించి ఉంటుంది కనుక దానిని కూడా విప్పాలి. హీటర్‌కు గాలి తీసుకుపోయే రెండు లావు గొట్టాలు, డైనమోను పీఠానికి అదిమి పట్టే పట్టీ, కుక్కగూడు ఉన్న ఇంజనైతే కూలర్ గాలి బయటకు పోయే రేకు ముక్కలు, వాటి బోల్టులు వరుసగా తీయండి.

అందరూ మరచిపోయేది, వేడిని బట్టి సాగి ఫ్లాపులను తెరిచే థర్మోస్టాట్. అది బండి కింద, కుడివైపు సిలిండర్ల అడుగున, ముడతల డబ్బీలా ఉంటుంది. అక్కడి రేకును తీస్తేనే కనిపిస్తుంది. దాని నుంచి ఒక సన్నటి కడ్డీ కుడి సిలిండర్ల మధ్యగా పైకి పోయి డబ్బాలోని ఫ్లాపును పట్టుకుంటుంది. ముందు థర్మోస్టాట్ అడుగు బోల్టు తీసి, తరువాత థర్మోస్టాట్‌ను తిప్పుతూ కడ్డీ మర నుంచి విడదీయండి. ఇది చేయకుండా డబ్బాను పైకి లాగితే కడ్డీ వంగుతుంది, లేదా ఫ్లాపు విరుగుతుంది.

ఇక మిగిలినవి డబ్బా రెండు చివరల సిలిండర్ రేకులకు బిగించిన బోల్టులు. అవి తీశాక డబ్బాను, అందులోని డైనమోతో సహా, ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు పట్టుకుని నిటారుగా లేపండి. బలవంతం చేయవద్దు. ఎక్కడో పట్టుకుందంటే విప్పని బోల్టు ఇంకా ఒకటి ఉందన్నమాట.

డబ్బా లేనప్పుడే చేయవలసినవి

ఇంజను పైభాగం ఇంత తెరిచి మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. సిలిండర్ల రెక్కల మధ్య, హెడ్‌ల రెక్కల మధ్య పేరుకున్న మట్టి, దూది, నూనె ముద్దను చెక్క పుల్లతో, బ్రష్షుతో తీయండి. స్పార్క్ ప్లగ్గులు వాటి చోట్లలోనే ఉండాలి, మానిఫోల్డ్ మూసి ఉండాలి, ఆ తరువాతే కంప్రెసర్ గాలి కొట్టించాలి. ఆయిల్ కూలర్ అడుగున తడి కనిపిస్తే దాని మూడు నట్లు విప్పి రబ్బరు సీళ్లు ఇప్పుడే మార్చండి. సిలిండర్ల కింది వైపు గాలిని చుట్టూ తిప్పే చిన్న రేకులు ఉన్నాయో లేదో తప్పక చూసుకోవాలి. ఎన్నో మరమ్మతులు చూసిన బండ్లలో అవి ఎప్పుడో పోయి ఉంటాయి, వాటి పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. అవి లేకపోతే పైనుంచి వచ్చిన గాలి సిలిండర్ పక్కల నుంచి జారిపోతుంది, అడుగు భాగం వేడిగానే మిగులుతుంది.

థర్మోస్టాట్‌ను పరీక్షించడం తేలిక. గిన్నెలో నీళ్లు కాచి, వంటింటి థర్మామీటరు ఉంచి, 65 నుంచి 70 డిగ్రీల దగ్గర అందులో వేలాడదీస్తే అది సాగి కనీసం 46 మిల్లీమీటర్ల పొడవుకు రావాలి. చల్లటి నీళ్లలో ముడుచుకోవాలి. చల్లగా ఉన్నప్పుడూ సాగే ఉంటే అది పాడైందని అర్థం. అలా పాడైనా ఫ్లాపులు తెరిచే ఉంటాయి కాబట్టి ఇంజనుకు ప్రమాదం రాదు, వేడెక్కడం మాత్రం ఆలస్యమవుతుంది.

మే నెలలో 44 డిగ్రీలు తాకే ఊరిలో ఫ్లాపులు దేనికి, పీకేద్దాం అనే సలహా మీకు తప్పక ఎదురవుతుంది. నేను ఒప్పుకోను. ఇంజను వేడెక్కగానే అవి ఎలాగూ తెరుచుకుంటాయి, తెరుచుకున్నాక గాలిని సరైన దిక్కుకు మలపడంలో కూడా సాయపడతాయి. డిసెంబరు తెల్లవారుజామున ఇంజను త్వరగా వేడెక్కడానికి, ఆయిల్ పలచబడటానికి అవి కావాలి. థర్మోస్టాట్ దొరకనివారు ఫ్లాపులను పూర్తిగా తెరిచి తీగతో గట్టిగా కట్టేయాలి, సగంలో ఊగుతూ వదిలేయకూడదు.

ఫ్యాన్‌ను కొత్త డబ్బాలోకి మార్చడం

డైనమోకూ ఫ్యాన్‌కూ మధ్య ఉన్న పలకను డబ్బాకు పట్టి ఉంచే నాలుగు 10 నంబరు బోల్టులు తీస్తే డైనమో, ఫ్యాన్ కలిసి బయటకు వస్తాయి. ఫ్యాన్ రెక్కల మొదళ్లను, మధ్య రంధ్రం చుట్టూ ఉన్న లోహాన్ని శుభ్రం చేసి వెలుతురులో చూడండి. వెంట్రుక వాసి చీలిక ఉన్నా ఆ ఫ్యాన్‌ను పారేయాలి. క్రాంక్ కన్నా ఎక్కువ వేగంతో తిరిగే ఆ చక్రం పగిలితే డబ్బా కొత్తదైనా పాతదైనా మిగలదు. ఫ్యాన్ విప్పవలసి వస్తే హబ్, షిమ్ములు, ఫ్యాన్, వాషర్, నట్టు ఏ క్రమంలో వచ్చాయో ఆ క్రమంలోనే బల్ల మీద పేర్చుకోండి, ఇరుసు గాడిలోని చిన్న చంద్రవంక తాళం పారేసుకోకండి. తిరిగి బిగించినప్పుడు నట్టుకు సుమారు 60 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. ఫ్యాన్‌కూ దాని పక్క పలకకూ మధ్య 2 మిల్లీమీటర్ల ఎడం ఉండేటట్టు షిమ్ములతో సరిచేయాలి. ఎడం తక్కువైతే వేడెక్కాక రాసుకుంటుంది, ఎక్కువైతే గాలి వెనక్కి జారుతుంది.

పలకకు ఒక పొడవాటి సందు ఉంటుంది, డైనమోకు చల్లగాలి అందేది దాని గుండానే. కొత్త డబ్బాకు బిగించేటప్పుడు అది కచ్చితంగా కిందివైపు రావాలి. నాలుగు బోల్టులూ బిగించాక ఫ్యాన్‌ను చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టి వినండి. గీరుకుంటున్న చప్పుడు ఏ కొంచెం వినిపించినా మళ్లీ విప్పాలి.

కూర్చోబెట్టడం

డైనమో లేకుండా ముందు ఖాళీ డబ్బాను ఒకసారి ఇంజను మీద పెట్టి చూడటం మంచిదని నా అనుభవం. పని రెట్టింపు అనిపిస్తుంది గాని, కొత్త రేకు ఎక్కడ కలవడం లేదో అప్పుడే తెలుస్తుంది. చీకటి పడ్డాక డబ్బా లోపల చిన్న బల్బు వెలిగించి బయట నుంచి అంచుల వెంట చూడండి. సిలిండర్ రేకులతో కలిసే గీత మీద వెలుతురు ఎక్కడ కనిపిస్తే అక్కడ గాలి పోతుంది. చిన్న తేడాలను చెక్క సుత్తితో అంచును నెమ్మదిగా తట్టి సరిచేయాలి. బోల్టు రంధ్రం కలవకపోతే దానిని గుండ్రని ఆకురాయితో కొద్దిగా కోలగా సాగదీయండి, అంతేగాని రేకును గుంజి బిగించవద్దు. గుంజిన రేకు ఒకచోట కలిసి మరోచోట నోరు తెరుస్తుంది, నెల తిరక్కుండానే బోల్టు దగ్గర చిరుగుతుంది.

అసలు బిగింపులో డబ్బాను డైనమోతో సహా మెల్లగా దించుతూ, మరొకరు కుడివైపు థర్మోస్టాట్ కడ్డీ తన రంధ్రంలో దిగుతోందా, కుక్కగూడు కూలర్‌ను సరిగా కప్పుతోందా అని చూస్తుండాలి. కూలర్ చుట్టూ ఉండే స్పాంజి పట్టీని పాతది ఉంచకండి. మొదట అన్ని బోల్టులూ వేళ్లతో పట్టించి, డబ్బా సమంగా కూర్చున్నాకే పానాతో బిగించాలి. డైనమో పట్టీని అన్నింటికన్నా చివర బిగించాలి, ముందే బిగిస్తే డబ్బా పక్కకు లాగబడుతుంది. కింద థర్మోస్టాట్‌ను కడ్డీకి ఎక్కించి, ఫ్లాపులు చల్లగా ఉన్నప్పుడు పూర్తిగా మూసుకుని, థర్మోస్టాట్ సాగినప్పుడు పూర్తిగా తెరుచుకునేటట్టు దాని పట్టీని జరిపి బిగించండి.

కేబుల్, కార్బురేటర్, కాయిల్, తీగలు విప్పిన వరుసకు తిరుగు వరుసలో పెట్టుకోవచ్చు. బెల్టును బొటనవేలితో మధ్యలో నొక్కితే దాదాపు 15 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. పుల్లీ సగాల మధ్య షిమ్ము తీస్తే బెల్టు బిగుస్తుంది, చేర్చితే వదులవుతుంది. తీసిన షిమ్మును పారేయకుండా నట్టు కింద బయటివైపు ఉంచాలి. నట్టు బిగించేటప్పుడు ఇంజనును కొద్దికొద్దిగా తిప్పుతూ బిగిస్తే బెల్టు పుల్లీ సగాల మధ్య నలగదు.

మిగిలింది సందులు మూయడం. హీటర్ గొట్టాలు వాడనివారు డబ్బాకు ఉన్న ఆ రెండు నోళ్లను మూతలతో మూయాలి, లేకపోతే సిలిండర్లకు పోవలసిన గాలి అటే పోతుంది. స్పార్క్ ప్లగ్గు తీగల చుట్టూ రబ్బరు మూతలు నాలుగూ రేకుకు అంటుకుని ఉండాలి. ఇంజను గది చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఎండి పగిలితే, కింద సైలెన్సర్ వేడికి కాగిన గాలి పైకి వచ్చి, ఫ్యాన్ దానినే మళ్లీ పీలుస్తుంది. ఈ పట్టీ ధర తక్కువ, వేసే ఓపికే కావాలి.

నడిపి చూడటం

బ్యాటరీ తగిలించి, పెట్రోల్ గొట్టాల దగ్గర తడి, వాసన లేవని చూసుకున్న తరువాతే తాళం తిప్పండి. ఇంజను వేగం పెరగగానే డైనమో ఎర్ర దీపం ఆరిపోవాలి. బీటిల్‌లో ఆ దీపం చార్జింగ్ గురించి మాత్రమే చెప్పదు. దారిలో అది వెలిగిందంటే బెల్టు తెగి ఫ్యాన్ కూడా ఆగిపోయి ఉండవచ్చు కనుక, కాజీపేట బ్రిడ్జి మీద ఉన్నా సరే, పక్కకు తీసి వెంటనే ఆపేయాలి. ఇంటికి ఇంకా కిలోమీటరే ఉందని నడిపిన ఆ కిలోమీటరులోనే పిస్టన్లు పట్టేయవచ్చు.

మొదటి రోజు ఊళ్లోనే పది, పదిహేను కిలోమీటర్లు తిప్పి, ఆపి, కింద నుంచి చూస్తే థర్మోస్టాట్ సాగి ఉండాలి. మరునాడు ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వాల్వు క్లియరెన్సులు, అంటే వాల్వుల దగ్గర ఉండవలసిన సందులు, 0.15 మిల్లీమీటర్లు ఉన్నాయేమో ఫీలర్ గేజ్‌తో చూసి, ఇగ్నిషన్ టైమింగ్ కూడా సరిచూసుకోండి. టైమింగ్ తప్పిన ఇంజనును ఏ డబ్బా చల్లబరచలేదు. కొత్త బెల్టు వేసి ఉంటే అది మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సాగుతుంది కాబట్టి, జనగామ దాకా ఒకసారి వెళ్లి వచ్చాక బిగువు మళ్లీ కొలిచి, అవసరమైతే ఒక షిమ్ము తీసి బయట పెట్టండి. అదే సమయంలో డబ్బా చివరి బోల్టులను, డైనమో పట్టీని కూడా ఒకసారి పానాతో పట్టి చూడండి.